కోడికూర పెట్టి పోగొట్టుకున్న గ్రాంటు

మా సంఘానికి గ్రాంటు ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, కోడికూర వండినందుకు రాలేదని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. అడిగినవాళ్ళకు ఓపిక ఉంటే మొత్తం చెబుతాను, లేకపోతే అంతటితో వదిలేస్తాను. ఇక్కడ ఎలాగూ మొత్తం చెప్పాలనే కూర్చున్నాను కాబట్టి కోపం దాచుకోకుండానే చెబుతాను.

మాది మహబూబ్‌నగర్ దిక్కు, కోస్గి పక్కన ఒక ఊరు. వాన పడితే పంట, పడకపోతే లేదు. దసరా పండుగ దాటగానే ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంపు మేస్త్రీ అని ఒక మనిషి ఉంటాడు. కూలీలను జమచేసి పుణెకో, ముంబైకో, బెంగళూరుకో కట్టడం పనులకు తీసుకుపోవడం అతని పని. వానాకాలం ఇంట్లో గింజలు అయిపోయిన సమయం చూసి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. దసరా తర్వాత మొగుడూ పెళ్ళాం మూటలు కట్టుకుని బస్సెక్కాల్సిందే. మళ్ళీ ఉగాదికి వస్తారు. తెలంగాణ వచ్చింది, కాలువలు తవ్వారు, వలస తగ్గిందని పేపర్లో కూడా రాశారు. తగ్గిన ఊళ్ళు ఉన్నాయేమో, నేను కాదనను. మా బస్టాండులో మూటల మీద కూర్చున్నవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఆ తగ్గుదల కనిపించలేదు.

సమస్య పిల్లలది. వెంట తీసుకుపోతే బడి పోతుంది, వదిలిపోతే తిండి పోతుంది. నేను నాలుగో తరగతిలో ఉండగా మా బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. రెండేళ్ళు ముంబైలో కట్టే ఇళ్ళ మధ్య తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగాను. తిరిగి వచ్చాక నాకన్నా రెండేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చొని చదువుకున్నాను. ఆ బెంచీ మీద కూర్చున్న సిగ్గు ఇప్పటికీ పోలేదు. తర్వాత ఎట్లాగో డిగ్రీ దాకా చదివి ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో టీచరునయ్యాను.

సంఘం పెట్టింది ముగ్గురు ఆడవాళ్ళం. ఒకరిని ఊరంతా ఖాలా అంటుంది, అంటే పిన్ని. బస్టాండు దగ్గర ఆమెకు గాజుల దుకాణం ఉంది. భర్త పోయాక ఒక్కతే ఉండేది. దుకాణం వెనక తన పాత ఇంట్లోని పెద్ద గదిని కిరాయి లేకుండా పిల్లలకిచ్చింది. రెండో మనిషిని నేను అక్క అంటాను. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. సాయంత్రం మా గదికొచ్చి పిల్లలకు రాత్రి అన్నం వండేది. మూడో మనిషిని నేను. చదువు చెప్పడం, కాగితాలు రాయడం నా వంతు. తల్లిదండ్రులు పనులకు పోయిన పిల్లలు దసరా నుంచి ఉగాది దాకా మా దగ్గర ఉంటారు. పగలు సర్కారు బడికి పోయి అక్కడే తింటారు. పొద్దున, రాత్రి మా తిండి.

ఆ తిండి ఎట్లా వచ్చేదంటే, మా వాడకట్టులో ప్రతి ఇంట్లో అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్క డబ్బాలో వేసేవాళ్ళు. హిందువుల ఇల్లు, సాయెబుల ఇల్లు, చర్చికి పోయేవాళ్ళ ఇల్లు అని లేదు, అందరూ వేసేవాళ్ళు. ఆదివారం పొద్దున మేం ముగ్గురం సంచులు పట్టుకుని తిరిగి పోగు చేసుకొచ్చేవాళ్ళం. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసి ఉండేవి. ఒకటి ఉడికితే ఇంకొకటి ఉడికేది కాదు. అక్క రోజూ తిట్టుకుంటూనే వండేది. ఇరవై మంది పిల్లలకు ఆ బియ్యం సరిపోయేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఎప్పుడూ వలస పోని ఇళ్ళవాళ్ళు కూడా పోయారు. ఇరవై మంది కాస్తా ముప్పై నాలుగు మంది అయ్యారు. ఇటు డబ్బాల్లో పిడికిళ్ళు కూడా చిన్నవయ్యాయి. ఎవరినీ తప్పుపట్టలేం, వాళ్ళ కుండలోనే లేదు. చలికాలంలో కప్పుకోవడానికి చద్దర్లు చాలక పిల్లలు ముగ్గురు ముగ్గురు ఒక దాని కింద ముడుచుకుని పడుకునేవాళ్ళు.

ఆ ముప్పై నాలుగు మందిలో ఒక పిల్ల గురించి ముందే చెప్పాలి. అప్పుడు తొమ్మిదో తరగతి. రెండో తరగతి చదివే తమ్ముడితో కలిసి మా దగ్గర ఉండేది. లెక్కలంటే చచ్చేంత ఇష్టం. నేను బోర్డు మీద లెక్క రాస్తుండగానే వెనక నుంచి జవాబు చెప్పి నన్ను ఉడికించేది. దసరా రోజుల్లో వాళ్ళ అమ్మ ఇద్దరినీ తెచ్చి వదిలిపెడుతూ నాతో ఒక మాట అంది.

"టీచరమ్మా, వచ్చే యేడు పదో తరగతంట. మీరు ఉంచుకుంటె చదువుతది. మీరు వద్దంటె నాతోని తీస్కపోత. నాకింకో తొవ్వ లేదు."

"ఎందుకు వద్దంటం? పది పాసయ్యేదాంక ఈడ్నే ఉంటది. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

అంత ధీమాగా ఎట్లా అన్నానో నాకే తెలియదు. అన్నందుకే గ్రాంటు వెనక పడ్డాను. ఈ పిల్ల పదో తరగతి అయ్యేదాకా ఆ గది తెరిచి ఉంటే చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

గ్రాంటు సంగతి వాట్సాప్‌లో వచ్చింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలకు, సంఘాలకు ఆర్థిక సహాయం, దరఖాస్తు చేసుకోండి అని. ఒకటి చూస్తే పది కనిపించాయి. కంపెనీలు ఇస్తాయట, ట్రస్టులు ఇస్తాయట, ఎక్కడెక్కడి ఫౌండేషన్లో ఇస్తాయట. చదువుతుంటే దేశంలో డబ్బంతా మా కోసమే ఎదురుచూస్తోందేమో అనిపించింది. దగ్గరికి పోయి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో రకం. ఒకరు మరుగుదొడ్లకే ఇస్తారు. ఒకరు కంప్యూటర్లకే ఇస్తారు. ఇంకొకరు మొక్కలు నాటితే ఇస్తారు. వస్తువు కొంటే ఇస్తారు, దాని మీద వాళ్ళ పేరు రాయించుకోవచ్చు. అన్నం మీద పేరు రాయలేరు కదా, అన్నానికి ఇచ్చేవాళ్ళు తక్కువ. వెతగ్గా వెతగ్గా పిల్లల తిండికీ వసతికీ ఇస్తామన్న ఫౌండేషన్ ఒకటి హైదరాబాదులో దొరికింది.

ఆ ఫారం నింపడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మొత్తం ఇంగ్లీషులో ఉంది. రిజిస్ట్రేషన్ కాగితం మాకు ఉంది, మూడేళ్ళ ఆడిట్ లేదు. పిడికెడు బియ్యానికి ఆడిట్ ఏం చేయిస్తాం? ఆడిట్ చేసే సారు మహబూబ్‌నగర్‌లో ఉంటాడు. ఆయన దగ్గరికి బడికి సెలవు పెట్టి నాలుగుసార్లు పోయాను. మొదటిసారి ఆయన లేడు. రెండోసారి ఉన్నాడు, కాగితం ఒకటి తక్కువైంది. మూడోసారి కాగితం ఉంది, కంప్యూటర్ పనిచేయలేదు. నాలుగోసారి ఆయన చిరాకు పడ్డాడు, నేను కూడా పడ్డాను, పని మాత్రం అయింది. దాని తర్వాత ఢిల్లీ వాళ్ళ పోర్టల్‌లో ఒక నంబరు తీసుకోవాలట. ఆ నంబరు కోసం ముగ్గురు సభ్యుల ఆధార్ ఎక్కించాలి. ఖాలా వేలిముద్రలు పడలేదు. ముప్పై ఏళ్ళు గాజులు తొడిగిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. నెట్ సెంటర్ అబ్బాయి ఆమె వేలిని గుడ్డతో తుడిచి తుడిచి మిషన్ మీద పెట్టించాడు. ఎనిమిదోసారికి పడింది.

ఖాలా బయటికొచ్చి అంది. "బేటీ, నా షాదీకి కూడ ఇన్నిసార్లు వేలు ముద్ర ఎయ్యలె."

ఫారంలో ప్రశ్నలు చూస్తే ఒళ్ళు మండేది. మీ పనిలో కొత్తదనం ఏమిటి అని ఒక ప్రశ్న. ఆకలైన పిల్లకు అన్నం పెట్టడంలో కొత్తదనం ఏముంటుంది? మీ పని వల్ల సమాజంలో వచ్చే మార్పును అంచెలంచెలుగా వివరించండి అని ఇంకొకటి. పిల్ల ఇక్కడ ఉంటుంది, బడికి పోతుంది, పాసవుతుంది. మూడు ముక్కల్లో అయిపోయింది. అయిదు వందల పదాలు కావాలన్నారు. మూడు ముక్కలను అయిదు వందల పదాలు చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అదంతా ఎక్కించబోతే ఫైలు పెద్దగా ఉంది, చిన్నది చేయమంది వాళ్ళ వెబ్‌సైటు. చిన్నది చేస్తే అక్షరాలు కనిపించడం లేదంది. చివరి రోజు సాయంత్రం అయిదు గంటలకు నెట్ సెంటర్లో కూర్చొని ఎక్కిస్తుంటే కరెంటు పోయింది. ఆ కుర్చీలోనే ఏడ్చాను. ఆరున్నరకు కరెంటు వచ్చింది, ఎక్కించాను.

జనవరిలో ఫోన్ వచ్చింది. మీ దరఖాస్తు మొదటి వడపోతలో నిలిచింది, మా ప్రతినిధి ఒక మేడం వచ్చి చూస్తారు అన్నారు. ఆ రోజు మా ముగ్గురి సంతోషం చెప్పతరం కాదు. అక్క అయితే పొయ్యి మీద పప్పు మాడిపోయేదాకా నన్ను పట్టుకుని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఇక్కడే మేం చేయరాని తప్పు చేశాం. ఎవరో వచ్చి చూస్తారంటే మాకు తెలిసింది ఒక్కటే. నేను చదువుకునే రోజుల్లో బడికి పెద్దసారు వస్తున్నాడంటే గోడలకు సున్నం కొట్టేవాళ్ళు, మాకు తలలు దువ్వేవాళ్ళు, ఏమడిగినా అంతా బాగుందని చెప్పమనేవాళ్ళు. బాగాలేదంటే తిట్లు పడేవి. అక్కకు కూడా అంతే. మధ్యాహ్న భోజనం చూడ్డానికి ఎవరొచ్చినా ఆ రోజు పప్పు చిక్కగా ఉండాలి, లేకపోతే ఆమె పని పోతుంది. ఈ చూడ్డం వేరు, లేనిది లేనట్టు కనిపించాలి అనే ఆలోచనే మాకెవరికీ రాలేదు. పైగా ఆ మేడం మా ఇంటికి వస్తున్న మనిషి. మా దిక్కు ఇంటికి మనిషి వస్తే ఉన్నదంతా ముందర పెడతాం, లేకపోతే పక్కింట్లో తెచ్చి పెడతాం.

అలాగే పెట్టాం. గది గోడలకు సున్నం వేయించాం. మసీదు కమిటీవాళ్ళు పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే స్టీలు తల్లెలు, అంటే కంచాలు, యాభై ఉన్నాయి. ఖాలా అడిగితే ఊరికే ఇచ్చారు. టెంట్ హౌస్ నుంచి మంచి జంపఖానా తెచ్చి పరిచాం. వాడకట్టులో ఇంటికొక చద్దరు అడుక్కొచ్చి పిల్లల పడకల మీద మడతపెట్టాం. పిల్లలు పండుగకు కుట్టించుకున్న బట్టలు వేసుకున్నారు. అక్క తన ఇంట్లో కోళ్ళు రెండు కోసింది, మిగతా మాంసం ఖాలా కొన్నది. బగార అన్నం, కోడికూర, పెరుగు పచ్చడి. ముందు రోజు నేను పిల్లలందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను.

"రేపు మేడం ఏమడిగినా మంచిగుంది అనాలె. ఏడుపు మొకాలు పెట్టొద్దు. సమజైందా?"

బడి లేని ఆదివారం మధ్యాహ్నం మేడం వచ్చింది. మంచి మనిషే, అబద్ధం చెప్పను. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చింది. పిల్లలతో పాటు జంపఖానా మీద కూర్చుని తిన్నది. కూర రెండోసారి వేయించుకుంది. తింటూ తింటూ పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లను అడిగింది.

"ఇక్కడ మీకు ఏమైనా లోటు ఉందా అమ్మా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళతోనే చెప్పు అన్నాను.

"ఏం తక్వ లేదు మేడం. అంత మంచిగుంది" అంది.

మేడం చిన్న పుస్తకంలో రాసుకుంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని మురిసిపోయాం. ఆమె పోతుంటే ఖాలా డజను గాజులు చేతికి తొడిగి పంపింది.

ఫిబ్రవరిలో మెయిల్ వచ్చింది. బడిలో ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడు ఫోన్‌లో చూశాను. మీ కృషి ఎంతో స్ఫూర్తిదాయకం అని మొదలైంది. అట్లా మొదలైతే కింద ఏముంటుందో ఇప్పుడు నాకు చదవకుండానే తెలుసు. అప్పుడు తెలియదు, చివరిదాకా చదివాను. మీ సంస్థకు స్థానికంగా తగినన్ని వనరులు, ఆదరణ ఉన్నట్టు పరిశీలనలో తేలింది, వసతి, భోజనం సంతృప్తికరంగా ఉన్నాయి, ఏ లోటూ లేదని పిల్లలే స్వయంగా చెప్పారు, అందువల్ల ఇంతకంటే ఎక్కువ అవసరంలో ఉన్న సంస్థలకు ప్రాధాన్యం ఇస్తున్నాం.

వెంటనే మేడంకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది.

"తల్లెలు మసీదువి మేడం, జంపఖానా టెంట్ హౌస్‌ది. చద్దర్లు ఇంటికొకటి అడుక్కొచ్చినం. కోళ్ళు మా అక్క ఇంట్లవి. మా దగ్గర ఏం లేదు మేడం" అన్నాను.

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సిందండీ" అంది ఆమె. "నాకు కనిపించిందే నేను రాయగలను. మీటింగ్ కూడా అయిపోయింది. వచ్చేసారి మళ్ళీ అప్లై చేయండి."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. కనిపించిందే రాసింది, కనిపించేట్టు చేసింది నేను. ఆ కోపం ఎటూ పోలేక నాలోనే తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది.

సాయంత్రం గదికి పోయి చెబితే ఖాలా అడిగింది. "మెహమాన్ వస్తే అన్నం పెట్టుడు తప్పైతదా బేటీ?"

"మరేందంటవ్? పోరగాండ్లను ఉపాసం పండవెట్టి చూపియ్యాల్నా?" అని అక్క లేచింది.

చూపించాలట, నిజంగానే. ఊళ్ళ సంఘాలకు దరఖాస్తులు రాసిపెట్టే ఒకాయన మహబూబ్‌నగర్‌లో ఉన్నాడు. ఇంకొక ట్రస్టు గడువు దగ్గర పడుతోందంటే ఆయన దగ్గరికి పోయాను. ఆ ట్రస్టువాళ్ళు మనుషులను పంపరు, సమస్య ఎంత తీవ్రంగా ఉందో తెలిసే ఫోటోలు అడుగుతారు. మా కథంతా విని ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

"కోడికూర పెట్టిండ్రా? ఏంది టీచరమ్మా మీరు! పిల్లల్ని ఉత్త నేల మీద కూసోవెట్టి, చేతుల్ల ఖాళీ తల్లెలు పెట్టి ఫోటో తియ్యిర్రి. పాత అంగీలు ఎయ్యిర్రి. గంతే. మీకు ఎన్కటి నుంచి ఎవ్వరు చెప్పలేదా గిది?"

వింటుంటే అసహ్యం వేసింది. అయినా తీయాలనే నిశ్చయించుకుని వచ్చాను. నా అసహ్యం కన్నా ఆ పిల్ల పదో తరగతి ముఖ్యం కదా. ఆ సాయంత్రం పిల్లలను చాప తీసేసి నేల మీద కూర్చోమన్నాను. తల్లెలు తెమ్మంటే అక్క తల్లెల గంప మీద చేయి వేసి నిలబడింది.

"ముందుగాల తింటరు. అటెంక నీ ఫోటో" అంది.

"తిన్నంక తీస్తే ఏం లాభం అక్కా?"

"నా చేతి వంట తినే పిల్లల చేతుల్ల ఖాళీ తల్లెలు పెట్టి లోకానికి చూపిస్తవా? నేను సచ్చినా ఇయ్య."

నాకు ఆవేశం ఆగలేదు. "నీ రోషంతోని ఈ పిల్లలు రోడ్డున పడతరు" అన్నాను. అనకూడని మాట. నాలుగేళ్ళుగా జీతం లేకుండా వండుతున్న మనిషిని అన్నాను. ఆమె పిల్లలకు వడ్డించింది. వాళ్ళు తిన్నాక తల్లెలు కడిగి, తుడిచి, ఒక్కొక్కరి చేతికిచ్చి పక్కకు జరిగింది. నేను ఫోటో తీశాను. అందులో ముప్పై నాలుగు మంది కడుపు నిండి కూర్చున్నారు. చిన్నవాళ్ళ మూతులకు ఇంకా మెతుకులున్నాయి. ఒకడు తల్లెను నెత్తిన పెట్టుకున్నాడు. అది చూసి అందరూ నవ్వుతున్నారు. గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. ఆ ఫోటోనే పంపాను. వాళ్ళ దగ్గర్నుంచి కాదనే జవాబు కూడా రాలేదు. అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు, వంటకు మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు.

ఉగాదికి తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసుకుపోయారు. వేసవి అంతా నేను ఫారాలు నింపుతూనే ఉన్నాను. ఒకచోట మా సంఘం చాలా చిన్నదన్నారు. ఒకచోట మా జిల్లా వాళ్ళ జాబితాలో లేదన్నారు. ఒకరు మాత్రం ఇస్తామన్నారు. గోడకు బిగించే పెద్ద టీవీ, డిజిటల్ పాఠాల కోసం. బియ్యం ఇవ్వండని అడిగితే, తిండి ఖర్చు మా నిబంధనల్లో లేదన్నారు. టీవీ తీసుకున్నాం. ఇప్పటికీ గోడకు ఉంది, ఇచ్చినవాళ్ళ పేరు దాని కింద మెరుస్తూ ఉంటుంది. పిల్లలు అందులో ముఖం చూసుకుని తల దువ్వుకుంటారు.

దసరా ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. పోగయ్యే బియ్యంతో ఇరవై మందిని మించి ఉంచలేమని తేలిపోయింది. అడిగిన ఇళ్ళు ఇరవై. కాబట్టి ఇంటికొక్క పిల్లే అని నిర్ణయించాం. ఎవరిని ఉంచాలో తల్లిదండ్రులే చెప్పాలి అనుకున్నాం. ఆ నిర్ణయం కాగితం మీద రాసింది నేనే. రాస్తున్నప్పుడే నాకు ఆ పిల్ల, ఆమె తమ్ముడు గుర్తుకొచ్చారు. అయినా వాళ్ళిద్దరినీ ఉంచితే ఇంకో ఇంటి పిల్లను బయటికి పంపాలి. ఎవరిని పంపమంటావో చెప్పమని ఖాలా అడిగితే కాగితం కింద సంతకం పెట్టాను.

పిల్ల తల్లి వచ్చింది. విషయం చెబితే గొడవ పెట్టుకోలేదు, అదే నాకు ఎక్కువ బాధ. కొంగుతో మొహం తుడుచుకుని అంది. "చిన్నోన్ని ఉంచుకోర్రి. ఆడ సిమెంటు దుమ్ముల వానికి దగ్గు ఆగదు. పెద్దది నాతోని వస్తది."

"నా దగ్గర ఉంచు. మా ఇంట్ల ఉండి చదువుకుంటది" అన్నాను.

"సంఘంల పదిమంది ఆడపిల్లల నడుమ ఉంటె ఒక తీరు టీచరమ్మా. మొగోళ్ళున్న ఇంట్ల ఒక్కదాన్ని ఎట్ల ఉంచుత? మా ఆయన ఒప్పుకోడు. నీ మీద నమ్మకం లేక కాదు."

గదిలోనే ఉంచి మా ఇంటి నుంచి అన్నం తెస్తానంటే, ఆ ఒక్క ఇంటికి ఇద్దరైతే మిగతా ఇళ్ళకు ఏం చెబుతామని ఖాలా ఒప్పుకోలేదు. ఆడపిల్లల హాస్టళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. పదో తరగతిలో మధ్యలో చేర్చుకోవడం కుదరదన్నారు. పండుగ దగ్గర పడింది. తర్వాత పండుగ కూడా అయిపోయింది.

వాళ్ళు పోయే రోజు బస్టాండుకు పోయాను. లెక్కల పుస్తకం, గైడు ఒకటి ఇచ్చాను. పిల్ల వాటిని బట్టల మూటలో పైన పెట్టుకుంది, తీయడానికి వీలుగా. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. ఏదో చెప్పాలని నా పక్కకు జరిగింది.

"టీచర్, గా మేడం మళ్ళ వస్తదా?"

"ఏమో బిడ్డా."

"వస్తే మా అమ్మ ఫోన్‌కు చెయ్యి. నేను మాట్లాడ్త. ఒక్క చద్దర్ల ముగ్గురం పండేటోళ్ళమని చెప్త. గా దినం నువ్వు చెప్పమన్నవని మంచిగుందని చెప్పిన గని, ఈపారి నిజం చెప్త. అప్పుడిస్తది గదా టీచర్?"

ఆ గొంతులో నా మీద నిష్ఠూరం కూడా లేదు. నాకు సాయం చేయాలనే ఉంది. తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే గుంపు మేస్త్రీ పేర్లు పిలుస్తున్నాడు. తన పేరు వినగానే మూట నెత్తిన పెట్టుకుని తల్లి వెనకే బస్సెక్కింది.

ఆమె పదో తరగతి రాయలేదు. ఉగాదికి వచ్చినప్పుడు మళ్ళీ బడికి రమ్మని ఇంటికి పోయి అడిగాను. చూస్తా టీచర్ అంది. మరుసటి దసరాకు గుంపు మేస్త్రీ వాళ్ళింటికి వచ్చి, తల్లికీ తండ్రికీ ఇచ్చినట్టే ఆమె చేతిలో కూడా వేరుగా అడ్వాన్సు పెట్టాడు. ఏ కాగితమూ అడగలేదు.